మార్జాల మోహిని

అమెరికాలో పిల్లిని పెంచే ఇళ్ళలో ఎండుటాకు కూరిన చిన్న గుడ్డబొమ్మ ఒకటి తరచు కనిపిస్తుంది. దాని వాసన సోకిన పిల్లి ముందు దానిని నాకుతుంది, కొరుకుతుంది. పిదప చెక్కిళ్ళను దానికి రాసుకుంటూ నేలపై పొర్లుతుంది. పది, పదిహేను నిమిషాలకు ఏమీ జరగనట్లు లేచి వెళ్ళిపోతుంది. అటుపై కొంతసేపు అదే బొమ్మను ముక్కు దగ్గర పెట్టినా దానికి పట్టదు. ఆ ఆకే క్యాట్‌నిప్. వృక్షశాస్త్రంలో దీని పేరు నెపెటా కటేరియా. మన తులసికీ, పుదీనాకూ దాయాది. ఐరోపా, ఆసియా ఖండాలలో పుట్టి, వలస వచ్చినవారి వెంట అమెరికా చేరి, పెరటి హద్దులు దాటి బాటల పక్కన స్థిరపడింది. వలస వచ్చి వేళ్ళూనినది మనుషులే కాదు మరి!

ఈ ఆకులోని మర్మం నెపెటలాక్టోన్ అనే పదార్థం. 1941లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో శామ్యూల్ మెకెల్వైన్, ఆయన సహచరులు దీనిని ఆకు నూనె నుండి వేరుచేశారు. ఒక్కొక్క అణువులో 10 కర్బన, 14 ఉదజని, 2 ఆమ్లజని పరమాణువులు రెండు జంట వలయాలుగా అమరి ఉంటాయి. చిన్న అణువు గనుక సులువుగా ఆవిరై ముక్కును చేరుతుంది. పిల్లికి పరవశం కలిగేది వాసన వల్లనే గాని ఆకు తినడం వల్ల కాదు. అయితే సుమారు మూడింట ఒక వంతు పిల్లులకు ఇది వట్టి గడ్డితో సమానం. ఈ భేదం వంశపారంపర్యంగా వచ్చేది.

మొక్క ఇదంతా పిల్లి వినోదం కోసం చేయడం లేదు. నెపెటలాక్టోన్ సోకిన పలు కీటకాలు తొలగి పారిపోతాయని 1964లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ఐస్నర్ ప్రయోగపూర్వకంగా చూపారు. ఆకు తినవచ్చే పురుగులకు ఎదురుగా మొక్క పట్టిన డాలు ఇది.

అలాగైతే తేనెటీగల మాటేమిటి? వేసవిలో ఊదా చుక్కల తెల్లని పూగుత్తులపై తేనెటీగలు, తుమ్మెదలు ముసురుకుంటాయి. నూనె అధికభాగం ఆకులపై ఉండే సూక్ష్మ గ్రంథులలో బందీగా ఉండి, ఆకు నలిగినప్పుడే విరివిగా వెలువడుతుంది. ఈగ ఆకును నలపదు. పువ్వు కింది పెదవిపై వాలి, గొట్టం అడుగునున్న మకరందాన్ని పీల్చుకుంటుంది. పై పెదవి కింద దాగిన కేసరాలు దాని వీపుకు పుప్పొడి అద్దుతాయి. శత్రువుకు ఆకు, మిత్రునికి పువ్వు!

పిల్లికి మాత్రం లాభం లేదా? జపాన్‌లోని ఇవాటె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో దీనికి సమాధానం చెప్పారు. వారు పరీక్షించినది మటటాబి అనే తీగను. అందులోని ముఖ్య పదార్థం నెపెటలాక్టోన్‌కు సోదరి వంటిది. ఆ వాసనకు పిల్లి రక్తంలో ఎండార్ఫిన్ పెరిగింది. ఆకుకు తల రుద్దుకున్న పిల్లులపై దోమలు తక్కువగా వాలాయి. ఆనందం వెనుక రక్షణ కూడా ఉన్నదన్నమాట.

దోమ మాట రాగానే మనిషికి ఆశ పుడుతుంది. 2001లో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ ప్రయోగాలలో ఈ నూనె డీట్‌ను మించినదని తేలగానే పత్రికలు దానిని పతాక శీర్షికలకు ఎక్కించాయి. కాని అవి గాజు గొట్టంలో దోమలు ఎటు వెళుతున్నవో చూసిన ప్రయోగాలు. చర్మంపై పూసినప్పుడు డీట్ దానికంటె మెరుగని తరువాతి పరీక్షలు తెలిపాయి. సులువుగా ఆవిరయ్యే గుణం ముక్కుకు మేలు, చర్మానికి లోపం. డెంగీ, మలేరియా ఉన్న ఊళ్ళకు సెలవులలో వెళ్ళేవారు డీట్ సీసాను వదిలి ఈ ఆకును నమ్ముకోవడం వివేకం కాదు.

తెలుగునాట చెత్తకుప్పల పక్కన మొలిచే కుప్పింటాకు వేరుకు కూడా పిల్లులు ఇలాగే పరవశిస్తాయి. 2016లో ఆస్ట్రేలియా రసాయనజ్ఞులు అందులో నెపెటలాక్టోన్‌కు దగ్గరి బంధువులైన రెండు పదార్థాలను గుర్తించారు. ఆ మొక్క తులసి కుటుంబానిది కాదు, ఆముదం కుటుంబానిది.