చర్చాగోష్ఠి విలువ: 1930 నాటి కోనిగ్స్‌బర్గ్ సదస్సు – ఒక పరిశీలన

కీలక పదాలు: తర్కశాస్త్రం, విజ్ఞానశాస్త్ర తత్త్వం, గోడెల్, అసంపూర్ణతా సిద్ధాంతం, చర్చాగోష్ఠి.

1. ఉపోద్ఘాతం

విద్యాసదస్సు అనగానే పత్రసమర్పణ గుర్తుకు వస్తుంది. పత్రం తరువాతి చర్చను దానికి అనుబంధంగా భావించడం, సమయం చాలనప్పుడు ముందుగా చర్చనే కుదించడం పరిపాటి. భారతీయ న్యాయదర్శనం చర్చకు ఇంతకన్న ఉన్నతమైన స్థానం ఇచ్చింది. నైయాయికులు సంవాదాన్ని వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించారు. గెలుపు కోసం కాక తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. అటువంటి చర్చ ఒక శాస్త్రగతిని ఎలా మార్చగలదో, దానిని గుర్తించడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి 1930 నాటి కోనిగ్స్‌బర్గ్ సదస్సు మంచి నిదర్శనం.

2. సదస్సు నేపథ్యం

నిశ్చితశాస్త్రాల జ్ఞానమీమాంసపై రెండవ సదస్సు 1930 సెప్టెంబరు 5 నుండి 7 వరకు, కాంట్ జన్మించిన కోనిగ్స్‌బర్గ్ నగరంలో జరిగింది. మొదటి సదస్సు 1929లో ప్రాగ్‌లో జరిగింది. గణితానికి పునాది ఏది అన్నది నాటి ప్రధాన సమస్య. రుడాల్ఫ్ కార్నప్ తర్కవాదాన్ని, అరెండ్ హేటింగ్ అంతఃప్రజ్ఞావాదాన్ని, జాన్ ఫాన్ నాయ్‌మన్ రూపవాదాన్ని వివరిస్తూ పత్రాలు సమర్పించారు. గణితాన్ని స్వీకృతాలు, నియమాలు గల రూపవ్యవస్థగా కూర్చి, అందులో వైరుధ్యం తలెత్తదని నిరూపించాలన్నది డేవిడ్ హిల్బర్ట్ ఆశయం. రూపవాదానికి ఆధారం అదే.

3. గోష్ఠిలో వెలువడిన విషయం

ఇరవై నాలుగేళ్ల కుర్ట్ గోడెల్ సెప్టెంబరు 6న ఇరవై నిమిషాల పాటు ప్రసంగించాడు. అందులోని విషయం తర్కం సంపూర్ణతను గూర్చిన ఆయన డాక్టరేట్ ఫలితం. అసలు విశేషం మరునాడు, హాన్స్ హాన్ అధ్యక్షతన జరిగిన చర్చాగోష్ఠిలో బయటపడింది. సంప్రదాయ గణితానికి చెందిన రూపవ్యవస్థ అవిరుద్ధమైతే, సత్యమై కూడా అందులో నిరూపణకు లొంగని ప్రవచనాలను చూపవచ్చునని గోడెల్ క్లుప్తంగా పేర్కొన్నాడు.

ఇందులోని యుక్తిని స్థూలంగా ఇలా చెప్పవచ్చు. వ్యవస్థలోని ప్రవచనాలకు, ఉపపత్తులకు సంఖ్యలను సంకేతాలుగా కేటాయిస్తే, ఆ వ్యవస్థ అంకగణిత భాషలోనే తన ఉపపత్తులను గురించి మాట్లాడగలదు. అప్పుడు ‘ఈ ప్రవచనానికి ఈ వ్యవస్థలో ఉపపత్తి లేదు’ అనే అర్థం గల ప్రవచనాన్ని నిర్మించవచ్చు. దానికి ఉపపత్తి ఉన్నదనుకుంటే వ్యవస్థ ఒక అసత్యాన్ని నిరూపించినట్లవుతుంది. వ్యవస్థ సత్యాలనే నిరూపిస్తే ఆ ప్రవచనానికి ఉపపత్తి లేదు. ఉపపత్తి లేదు కనుక అది చెప్పినది సత్యం.

4. స్పందన, నమోదు

ఈ మాటలోని ప్రాముఖ్యాన్ని వెంటనే గ్రహించినవాడు ఫాన్ నాయ్‌మన్. రూపవాదం పక్షాన పత్రం చదివిన ఆయనే గోష్ఠి అనంతరం గోడెల్‌ను కలిసి వివరాలు అడిగాడు. అవిరుద్ధమైన వ్యవస్థ తన అవిరుద్ధతను తానే నిరూపించుకోలేదన్న తదుపరి ఫలితాన్ని స్వయంగా సాధించి, నవంబరు 20న గోడెల్‌కు లేఖ రాశాడు. అప్పటికే గోడెల్ ఆ ఫలితాన్ని చేర్చిన వ్యాసం నవంబరు 17న పత్రికకు చేరింది. అది 1931లో వెలువడింది.

ఇతరుల స్పందన ఇందుకు భిన్నం. గోష్ఠి మరునాడు అదే నగరంలో హిల్బర్ట్ గణితంలో పరిష్కారానికి అందని సమస్య ఉండదని ప్రకటించాడు. సదస్సును గూర్చి హాన్స్ రైఖెన్‌బాఖ్ రాసిన నివేదికలో గోడెల్ ప్రస్తావన లేదు. 1931లో ‘ఎర్కెంట్‌నిస్’ పత్రిక చర్చాపాఠాన్ని ప్రచురించినప్పుడు గోడెల్ తన ఫలితాన్ని వివరించే అనుబంధాన్ని జతచేశాడు.

5. ముగింపు

కార్యక్రమపత్రంలో లేని ఒక మాట ఆ సదస్సును చరిత్రలో నిలిపింది. ప్రధాన పత్రాలు అప్పటికి స్థిరపడిన పక్షాలను వివరించగా, ఇంకా అచ్చుకాని ఫలితానికి చర్చ తావిచ్చింది. ఫాన్ నాయ్‌మన్ తన పక్షానికి ఎదురైన యుక్తిని ఖండించడానికి తొందరపడక ముందుగా అర్థం చేసుకున్నాడు. నైయాయికుల వాదలక్షణం ఇక్కడ కనిపిస్తుంది. చర్చాపాఠం అచ్చయినందువల్లనే గోష్ఠిలోని మాట తరువాతి తరాలకు దక్కింది. పత్రాలను మాత్రమే సంచికలుగా వెలువరించే సదస్సుల నిర్వాహకులు ఈ అంశాన్ని గమనించాలి. చర్చకు నిర్ణీత సమయాన్ని కాపాడడం, పరిశోధక విద్యార్థులకు అందులో అవకాశం కల్పించడం, ప్రశ్నోత్తరాలను నమోదు చేయడం సదస్సు విద్యాప్రయోజనంలో భాగాలే.