చిప్పకు కన్నాలేసే స్పంజిక

స్పంజిక అనగానే మనం పొరిఫెరా వర్గం, ఒంటినిండా రంధ్రాలు అని రెండు మార్కులకు రాసి వదిలేస్తాం. అందులో క్లయోనా అనే ప్రజాతి ఉంది. అది ఆల్చిప్పలకు, పగడాలకు కన్నాలేసి ఆ కన్నాల్లోనే కాపురముంటుంది.

దసరా సెలవుల్లో దబీర్‌పురాలో మా చిన్నాయన దగ్గరికి పోయిన. దర్వాజా చూసి, నడుచుకుంటూ పత్తర్‌గట్టీ ముత్యాల అంగళ్లకు పోయినం. ఒక అంగట్లో పాత ముత్యపు చిప్ప ఉంది. లోపల తళతళ, బయటంతా సూదితో పొడిచినట్టు గుంటలు. "చెదలు పట్టిందా?" అన్న. "సముద్రంల చెదలుంటయా బేటా!" అని నవ్విండు. చెదలు కాదు, క్లయోనా చేసే పనే అట్లుంటుందని మా సైన్సు సారు తర్వాత చెప్పారు.

దీనికి పళ్లు లేవు. దాని కణాలు సున్నపు చిప్పను చుట్టూ సన్నగా కరిగించి చిన్న పెచ్చులుగా ఊడదీస్తాయి. ఆల్చిప్పను మాత్రం తినదు. నీళ్లు వడకట్టి సూక్ష్మజీవులను తింటుంది. కానీ ఇల్లు గుల్లయితే ఎట్లా? ఆల్చిప్ప లోపల్నుంచి కొత్త పొర పోసుకుంటూ బలమంతా దానికే ఖర్చు చేస్తుంది. చివరికి చిప్ప పెళుసైపోతుంది.

మన దేశంలో 1973లో తూత్తుకుడిలో ముత్యాల పెంపకం సాధించారు. అక్కడి చిప్పలకూ ఈ బెడద తప్పలేదు. దీనికి ఒక ఉపాయముంది. చిప్పలను కొన్ని గంటలు మంచినీళ్లలో ముంచాలి. ఆల్చిప్ప మూత బిగించుకుని ఓర్చుకుంటుంది. స్పంజికకు మూత లేదు, చస్తుంది.

ఈ ప్రజాతికి 1826లో స్కాట్లండులో గ్రాంట్ అనే శాస్త్రవేత్త పేరుపెట్టాడు. ఆయన చూసిన జాతి క్లయోనా సెలాటా. మధ్యధరా సముద్రంలో క్లయోనా విరిడిస్, ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో క్లయోనా ఓరియెంటాలిస్ ఉన్నాయి. జాతిని గుర్తుపట్టేది ముఖ్యంగా ఒంట్లోని కంటకాలను బట్టి. సెలాటాకు అవి గుండుసూదుల్లా ఉంటాయి. ఎక్కడ గుండుసూదులు కనబడితే అక్కడ సెలాటా అని రాసేశారు, మన సముద్రాల్లో కూడా! స్పంజిక పిల్ల ఈదేది కొద్ది రోజులే. అది ఇన్ని సముద్రాలు ఎట్లా దాటుతుంది? 2010లో జన్యువులు పోల్చి చూస్తే, యూరపులోనే ఆ ఒక్క పేరు కింద వేర్వేరు జాతులు దాగున్నాయని తేలింది. నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చింది.

స్పంజిక చచ్చినా కన్నాలు ఉంటాయి. రాళ్లలో శిలాజాలుగా దొరికే అలాంటి కన్నాలను ఎంటోబియా అంటారు. అది జంతువు పేరు కాదు, ఉత్త కన్నం పేరు!