ఎడారిలో యింటి అప్పు, పేటలో మేడమెట్లు



నరసన్నపేట వీధుల్లో అక్కడక్కడ ఒక రకం యిల్లు కనిపిస్తుంది. కింద వాటా పూర్తయి రంగులు కూడా వేసివుంటుంది. పైన స్లాబు మీద మాత్రం యినుపచువ్వలు తుప్పు పడుతూ నిలబడివుంటాయి. "వారు గల్ఫులో వున్నారండీ, వచ్చే ఏడు పై వాటా వేస్తాం" అంటుంది యిల్లాలు. ఆ వచ్చే ఏడు ఎప్పుడొస్తుందో తేల్చేది మన తాపీమేస్త్రీ ఒక్కడే కాదు, సౌదీ ఖజానా కూడా. అదెలాగో చెబుతాను.

1974లో, చమురు ధర ఒక్కసారిగా పెరిగి డబ్బు వచ్చిపడుతున్న రోజుల్లో, సౌదీ అరేబియా తన పౌరుల యిళ్ళకోసం స్థిరాస్తి అభివృద్ధి నిధి పెట్టింది. 3 లక్షల రియాళ్ళ దాకా అప్పు, వడ్డీ లేదు! 2011లో దాన్ని 5 లక్షలు చేశారు. మనకైతే వడ్డీ లేకుండా సొంత తమ్ముడైనా యివ్వడు కదా. కాని అప్పు కావాలంటే ముందు స్థలం వుండవలసివచ్చేది, పేరు నమోదు చేసుకుని ఏళ్ళతరబడి వేచివుండవలసివచ్చేది. స్థలాలేమో పెద్దవాళ్ళ చేతుల్లో వున్నాయి. ఊరి నడుమ, రోడ్డు పక్కనే, ఖాళీగా! ధర పెరిగేదాకా అమ్మరు. వాటిని అక్కడ "తెల్ల భూములు" అంటారు. 2011లోనే ప్రభుత్వం 25,000 కోట్ల రియాళ్ళతో 5 లక్షల యిళ్ళు కట్టిస్తామంది. పని నత్తనడక నడిచింది.

యింతలో చమురు పడిపోయింది. 2014 జూన్‌లో 100 డాలర్లు దాటివున్న పీపా 2016 జనవరిలో 30 లోపుకి దిగింది. పెట్టెలో డబ్బు తగ్గితేగాని యింటి లెక్క సరిచూసుకోం కదా, దేశాలూ అంతే. ఖాళీ స్థలం మీద ఏటా దాని విలువలో నూటికి రెండున్నర పన్ను వేశారు. 2017 నుంచి నిధి తాను అప్పివ్వడం తగ్గించి జనాన్ని బ్యాంకులకి పంపింది. అసలు యింటివాడు కట్టుకోవాలని, ఆదాయం తక్కువైన వారి వడ్డీభారం ప్రభుత్వం మోస్తుందని అప్పట్లో ఏర్పాటు చేశారు. 2016లో సొంతిల్లున్న సౌదీ కుటుంబాలు నూటికి 47, 2020కల్లా 60 దాటాయని వారి లెక్క. మంచి పనే అంటాను. కాకపోతే యిప్పుడు ప్రతి నెలా బ్యాంకు వాయిదా గుమ్మంలో కూర్చుంటుంది.

యివన్నీ పౌరులకే సుమండీ. ఆ గోడలు కట్టి, ఆ యినుము అతికే మనవాళ్ళుండేది కంపెనీ క్యాంపుల్లో. చమురు పడగానే ప్రభుత్వం గుత్తేదార్లకి బిల్లులు ఆపింది, గుత్తేదార్లు కూలీలకి జీతాలు ఆపారు. 2016లో వేలమంది భారతీయులు నెలల జీతం అందక క్యాంపుల్లో చిక్కుకుపోతే, మన కేంద్రమంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్ళవలసివచ్చింది. 2017లో భార్యాబిడ్డల్ని వెంటబెట్టుకున్న పరదేశులకి తలకి నెలకి 100 రియాళ్ళ రుసుము పెట్టి, 2020కి 400 చేశారు. చాలామంది సంసారాలని వెనక్కి పంపేశారు.

మా ఎదురింటావిడ భర్త వెల్డరు. ఆ ఏడాది అయిదు నెలలు డబ్బు రాలేదు. పై వాటాకని తీసుకున్న అప్పు వాయిదాకి గాజులు తాకట్టు పెట్టింది. కంపెనీ ఎవరిదని అడిగితే, "ఎవరిదైతేనేం వదినా, తేదీ ఆగుతుందా?" అంది. మీ యింట్లోనూ గల్ఫు జీతం చూసుకుని అప్పుకి సంతకం పెట్టబోతుంటే, ఆర్నెల్లు జీతం రాకపోతే వాయిదా దేనితో కడతామని ఆయన్ని ముందే అడగండి. అలిగినా సరే, అడగండి.

ఆవిడ గాజులు విడిపించుకుంది. పై వాటా వేయలేదు. తుప్పు పట్టకుండా చువ్వలకి సిమెంటు పాలు పూయించి, కింద ముందుగది అద్దెకిచ్చింది.