దోస్త్ దరఖాస్తు – పక్కన కూర్చునే అన్నలు, అక్కలు

విద్య అందరికీ అందాలని వేదికల మీద తరచు వింటుంటాము. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ పాసయి, తమ ఇంట్లో మొట్టమొదటగా డిగ్రీ గడప తొక్కబోయే పిల్లలకు ఆ విద్య ఎక్కడ ఆగిపోతోంది? నేను చూసినంతలో మార్కుల దగ్గర కంటే దరఖాస్తు దగ్గరే ఎక్కువగా ఆగిపోతోంది. గత రెండు వేసవి సెలవుల్లో నేనూ, మరి నలుగురు మిత్రులూ మా మండలంలో ఇటువంటి పిల్లల పక్కన కూర్చుని దరఖాస్తులు నింపించాము. ఆ పనిలో మనలాంటి వాళ్ల అవసరం ఎక్కడుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వం ఏ కాలేజీలో చేరాలంటే ఆ కాలేజీకే పోయి ఫారం కొని, గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేయించి ఇచ్చేవారు. 2016లో తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల కోసం ‘డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్, తెలంగాణ’ వచ్చింది. పొట్టిగా దోస్త్. రుసుము కట్టి రిజిస్టరు చేసుకుంటే ఒక ఐ.డి., ఒక పిన్ వస్తాయి. వాటితో ఫారం నింపి, కావలసిన కాలేజీలు, కోర్సులు వరుసగా పెట్టుకోవాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. ఇంటర్ మార్కులను, రిజర్వేషన్లను బట్టి విడతలవారీగా సీట్లు కేటాయిస్తారు. సీటు వచ్చినవారు గడువు లోపల ఆన్‌లైన్‌లో ‘సెల్ఫ్ రిపోర్టింగ్’ చేయాలి. చేయకపోతే ఆ సీటు పోతుంది.

పద్ధతి మంచిదే. ఊరూరా తిరిగే ఖర్చు తప్పింది. కాని చెప్పేవాళ్లు లేని ఇంట్లో ప్రతి మెట్టూ ఒక అనుమానమే.

అన్నిటికంటె పెద్ద అనుమానం ఆప్షన్ల వరుస గురించి. “అన్నా, పెద్ద కాలేజీ మొదట పెడితే, అది రాకుంటే చిన్నది కూడా పోతదా?” అని దాదాపు ప్రతి ఒక్కరూ అడిగారు. పోదు. దీన్ని మేము యూరియా లైనుతో చెప్పేవాళ్లం. సొసైటీ ముందు లైనులో మన స్థానం మన మార్కులు. మన వంతు వచ్చాక కౌంటరు దగ్గర “ఇది ఉందా? లేదా, అయితే అది ఇవ్వండి” అని అడుగుతాము. మొదటిది లేదన్నంత మాత్రాన మనల్ని లైను చివరికి పంపరు కదా! కంప్యూటరు చేసేదీ అంతే. మన రెండో ఆప్షన్‌ని మనకంటె తక్కువ మార్కులవాడు మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా, ఒకే కేటగిరీలో అయితే ముందు వంతు మనదే. కాబట్టి నిజంగా కావలసినదే మొదట పెట్టాలి. భయపడి దగ్గరి కాలేజీని మొదట పెడితే అదే వస్తుంది. అట్లాగే రెండు మూడు ఆప్షన్లతో సరిపెట్టుకుంటే ఏదీ రాకపోవచ్చు. పది పెడితే పోయేదేమీ లేదు.

రెండవది ఓ.టి.పి. సంగతి. మా వైపు వేసవిలో కొందరు ఇంటింటికీ వచ్చి “పుస్తకాలు ఉచితం, బస్సు ఉచితం, ఫోను ఇటియ్యి, మేమే నింపుతాం” అంటారు. వాళ్ల చేతిలో ఫోను పెడితే వాళ్ల కాలేజీ ఒక్కటే ఆప్షన్ అవుతుంది. పిన్ ఇంటి తాళంచెవి వంటిది. దాన్ని మాకు కూడా చెప్పవద్దని పిల్లలతో మొదటిరోజే అనేవాళ్లం.

మూడవది కాలం. ఈ గడువులన్నీ రోహిణి, మృగశిర కార్తెల చుట్టూ పడతాయి. అప్పుడే పత్తి విత్తనాలు కొనాలి, దుక్కులు దున్నించాలి. మా నాన్న కూడా రైతే గనుక ఆ రోజుల్లో చేతిలో పైసా ఆడదని నాకు తెలుసు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు రెండుసార్లు తిరగాలంటే రెండు రోజుల కూలి పోయినట్టే. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే మరో నాలుగు రోజులు. అందుకే ఈ కాగితాల పని పరీక్షలు కాగానే మొదలుపెట్టించాలి.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. వాడికి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కాలేజీలో బి.యస్సీ. సీటు వచ్చింది. ఇచ్చిన నెంబరు వాళ్ల నాన్నది. రీచార్జి అయిపోయి మెసేజి రాలేదు. గడువు దాటిన తెల్లవారి మా దగ్గరకు వచ్చాడు. తరువాతి విడతలో దూరాన మరో చోట సీటు వచ్చింది గాని, వాళ్ల ఊరినుంచి అక్కడికి బస్సు లేదు. ఇప్పుడు జిన్నింగు మిల్లులో పనిచేస్తున్నాడు. వాడి లెక్కలు నా లెక్కలకు తీసిపోవు.

ఇంకొక అమ్మాయి బైపీసీ. మైక్రోబయాలజీ చదవాలని ఆమె కోరిక. “హాస్టలు లేని చోటికి పంపను బిడ్డా” అన్నాడు తండ్రి. ఆయన మాట కొట్టిపారేయదగినది కాదు. సీటు వచ్చినంత మాత్రాన హాస్టలు వచ్చినట్టు కాదు మరి. మా మిత్రబృందంలోని అక్క ఒకామె రెండు సాయంత్రాలు వాళ్ల అరుగు మీద కూర్చుని, ఏ కాలేజీకి హాస్టలుంది, బస్సు ఎన్ని గంటలకుంది, స్కాలర్‌షిప్‌కు ఎట్లా పెట్టుకోవాలి అన్నీ కాగితం మీద రాసి చూపించింది. చివరకు తండ్రీ కూతుళ్లు కలిసి పన్నెండు ఆప్షన్లు పెట్టారు. రెండోది వచ్చింది. మొన్న ఆదివారం ఆ అమ్మాయే తన చెల్లెలి స్నేహితురాళ్లకు యూరియా లైను కథ చెబుతోందట!

మిత్రులారా, ఈ పనికి ఒక హద్దు కూడా ఉంది. మనకు నచ్చిన కోర్సు వాళ్ల నెత్తిన రుద్దకూడదు. ఫీజు, దూరం, సబ్జెక్టు, పై చదువు వివరాలు చెప్పడం మన వంతు. మీట నొక్కే వేలు వాళ్లదే కావాలి.

విద్యార్థి సంఘానికి నా మనవి ఒకటే. వచ్చే వేసవిలో ఒక్కొక్క డిపార్టుమెంటు నుంచి ఐదుగురు, తమ తమ మండలాల్లో, పదిహేను రోజులు. ఒక నోటుబుక్కులో పిల్లల పేర్లు, ఇంకొకరి ఫోను నెంబరు కూడా, గడువు తేదీలు రాసుకోవాలి. గడువుకు రెండు రోజుల ముందు ఒక ఫోను చేయాలి. ఎత్తకపోతే ఇంటికి పోవాలి. అధ్యాపకులు కోర్సుల గురించి ఒక పూట చెబితే చాలు. పూర్వ విద్యార్థులు రుసుములకు, బస్సు చార్జీలకు చేయి కలిపితే అంతకంటె కావలసినది లేదు.

దోస్త్ అంటే స్నేహితుడని అర్థం. కంప్యూటరు ఆ పేరు పెట్టుకుంది. గడువు రోజున తలుపు తట్టి గుర్తుచేయడం మాత్రం మనుషులే చేయాలి.

– తృతీయ బి.యస్సీ. విద్యార్థి