ముసలితనానికీ ఓ చీటీ

హైదరాబాద్ గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లలో సాయంత్రం బెంచీల దగ్గర ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఫారిన్‌లో ముసలివాళ్లను హోముల్లో పడేస్తారండీ, మన దగ్గర అలా కాదు." అలా అన్న ఒకాయన కొడుకు డల్లాస్‌లో. ఆయన మందుల డబ్బా సర్దేది కేర్‌టేకర్.

ప్రేమ సంగతి పక్కన పెడదాం. స్నానం ఎవరు చేయించాలి, ఆ గంటలకు డబ్బెవరు కట్టాలి? దేశాలు వేరుపడేది ఇక్కడే.

జపాన్ 2000లో మన చీటీలాంటి బీమా పెట్టింది. 40 నిండినవాళ్లంతా నెలనెలా కట్టాల్సిందే. నిధిలో సగం ఈ చందాలు, సగం పన్నులు. సాయం కావాలంటే మున్సిపాలిటీలో దరఖాస్తు ఇవ్వాలి. ఒకరు ఇంటికొచ్చి లేవగలరా, తినగలరా, మతిమరుపుందా అంటూ 74 అంశాలు రాసుకుంటారు. కంప్యూటర్ లెక్క, డాక్టర్ అభిప్రాయం చూసి కమిటీ ఏడు స్థాయుల్లో ఒకటి ఖాయం చేస్తుంది. చేతికి డబ్బివ్వరు. ఒళ్లు కడగడానికి మనిషి వస్తుంది, డే కేర్‌కు తీసుకెళ్లే బండి వస్తుంది. చాలామంది కట్టేది బిల్లులో పదో వంతే. మన చీటీ పాట పాడినవాడిది, వాళ్లది మంచం పట్టినవాడిది. జన్మంతా కట్టి ఎత్తుకోకుండా పోయినవాడే అదృష్టవంతుడు!

జర్మనీ 1995లోనే ఇలాంటి బీమా తెచ్చింది. సింగపూర్ అదే ఏడాది పిల్లలే పోషించాలని చట్టం చేసింది. మన 2007 చట్టానిదీ అదే దారి: ఆర్డీఓ దగ్గర అర్జీ, నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు. చట్టం డబ్బిప్పిస్తుంది గానీ, అర్ధరాత్రి బాత్రూంకి తోడు రాదు.

అన్నట్టు, ఫ్లాట్ కొనేటప్పుడు నైరుతి గది ఇంటి పెద్దకేనా అని వాస్తు పంతులును అడుగుతాం. ఆ పెద్దాయన బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉందా అని బిల్డర్ని అడగం. జారిపడేది నైరుతి దోషం వల్ల కాదు.

పైగా పోషించాల్సిన పిల్లలూ తక్కువే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సగటున ఒక్కో మహిళకు పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి కంటే పంచాయతీకి పోటీ చేయొద్దన్న ఆంధ్రప్రదేశ్, 2024లో ఆ నిబంధనే ఎత్తేసింది. ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. సరే, ఇవాళ పుట్టే పిల్ల ఉద్యోగంలో చేరేసరికి ఇప్పటి నలభై ఏళ్ల టెకీలకు అరవై దాటుతుంది. ఆ పిల్ల జీతం మీద ఎంతమంది ఆధారపడతారు?

జపాన్ చందాకు నలభై అని గీత గీయడానికి, అది సొంత తల్లిదండ్రులు మంచాన పడటం మొదలయ్యే ఈడు కావడం కూడా ఒక కారణం. గోపన్‌పల్లిలో హోమ్ లోన్ ఈఎంఐ కట్టేదీ ఆ ఈడువాళ్లే. చీటీ మొదలెట్టాల్సింది వాళ్ల దగ్గరే.