సగములో నిలిచిన విమానములు

ఆకాశమున విమానము పోవు చప్పుడు వినబడగానే తలయెత్తి చూడని బాలుడుండడు. కొందరిని ఆ ముచ్చట పెద్దవారైన తరువాతను వీడదు. అట్టివారు విమానమును కొలత తప్పకుండ చిన్నదిగా చేసి యింట నిలుపుకొనవలెనని పూనుకొందురు. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ భాగములను చట్రమునుండి వేరుచేసి, జిగురుతో అతికి, రంగులు వేసి, గుర్తులు అంటించి, అసలు విమానమునకు ప్రతిబింబమువంటి నమూనాను సిద్ధపరచు ఈ వినోదము నేడు పెక్కు దేశములలో వ్యాపించియున్నది. అయితే ఈ వినోదమున మునిగినవారి యిండ్లలో తరచుగా కనబడు దృశ్యమొకటి కలదు. అద్దాల బీరువాలో పూర్తియైన విమానములు నాలుగుండును. మంచము క్రిందను, అటకమీదను సగము చేసినవియు, మొదలే పెట్టనివియు నలుబది యుండును. ఇట్లేల జరుగును? దీనిని చక్కబెట్టుకొను మార్గమేమి? ఈ రెండు విషయములను విచారింతము.

ముందుగా ఈ వినోదము పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1932లో ఇంగ్లండునందు జేమ్స్ హే స్టీవెన్స్ అను నతడు ‘స్కైబర్డ్స్’ అను పేరుతో కొయ్య నమూనాలను వెలువరించెను. వానికి అసలు విమానములో 72వ వంతు కొలతను ఎన్నుకొనెను. ఈ కొలతలో ఒక అంగుళము ఆరడుగులకు సమానము. అనగా ఆరడుగుల మనిషి అంగుళము ఎత్తున నిలుచును. అడుగులతో, అంగుళములతో లెక్కించువారికి ఇది మిక్కిలి అనుకూలమైన కొలత. 1936లో ‘ఫ్రాగ్’ సంస్థవారు ‘పెంగ్విన్’ అను పేరుతో అదే కొలతలో ప్లాస్టిక్ కిట్లను అమ్మకమునకు తెచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇట్టి నమూనాలు ఆటవస్తువులుగా మాత్రమే నిలువలేదు. పైన వచ్చునది స్వపక్షపు విమానమో, శత్రువిమానమో గుర్తించుట నేర్పుటకు సైన్యములు వానిని వాడుకొన్నవి. 1942లో అమెరికా నౌకాదళము అందుకొరకు పాఠశాలల విద్యార్థులచేత వేలకొలది కొయ్య నమూనాలు చేయించినది.

యుద్ధానంతరమున పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్‌ను కరగించి, ఉక్కు అచ్చులలోనికి ఒత్తిడితో పంపి, సన్నని భాగములను సైతము స్పష్టముగా తీయు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. నికొలస్ కోవ్ అను హంగేరీ దేశస్థుడు 1939లో లండనునందు స్థాపించిన ‘ఎయిర్‌ఫిక్స్’ సంస్థ 1952లో ‘గోల్డెన్ హైండ్’ అను ఓడ కిట్‌ను వుల్‌వర్త్ దుకాణములలో రెండు షిల్లింగులకు అమ్మించెను. కొలది కాలములోనే విమానముల వంతు వచ్చినది. బాలుడు తన చేతిఖర్చు డబ్బుతో కొనగలిగిన వస్తువైనది. 36 అడుగుల 10 అంగుళముల రెక్కలుగల స్పిట్‌ఫైర్ యుద్ధవిమానము 72వ వంతు కొలతలో ఆరంగుళములకు కొంచెము మించి అరచేతిలో ఇముడును. 102 అడుగుల రెక్కలుగల లాంకాస్టర్ బాంబరు విమానమైనచో 17 అంగుళములగును. దానికి బల్లయే కావలెను.

ఇక పెట్టెలు పేరుకొనుటకు కారణము. దీనికి అత్యాశ మాత్రమే మూలమనుట న్యాయము కాదు. కిట్ అనునది ఎల్లకాలము దొరకు సరకు కాదు. ఉక్కు అచ్చు ఉన్నన్నాళ్లే కిట్ యుండును. 1976లో ‘ఫ్రాగ్’ మూతపడినప్పుడు దాని అచ్చులలో పెక్కు సోవియట్ యూనియన్‌కు తరలిపోయినవి. ‘ఎయిర్‌ఫిక్స్’ సంస్థయు 1981లో ఒకసారి, 2006లో మరియొకసారి చిక్కులలో పడి చేతులు మారినది. నేడు కనబడినది రేపు కనబడదేమో యను భయముతో కొనువాడు కొని దాచును. కొను నిమిషమున ఆ విమానము చేయుటకు వలయు గంటలను కూడ తాను కొన్నట్లు అతనికి తోచును. పెట్టె దుకాణమున దొరకును గాని, గంటలు దొరకవు.

మొదలుపెట్టినవి ఏల నిలిచిపోవును? ఆరంభించి నడుమ విడుచువారిని మధ్యములని భర్తృహరి తన నీతిశతకమున నిర్ణయించెను. ఆ తీర్పు మన నమూనాకారులకు పూర్తిగా వర్తింపదు. ఇందు కొంత దోషము వస్తువునందే యున్నది. మొదటి సాయంకాలమున దేహపు సగములు రెండును కలిసి, రెక్కలు అతుకుకొని, గంటలో విమానరూపము కన్నులయెదుట నిలుచును. అటుపిమ్మట పది దినములు పనిచేసినను చూచువారికి పెద్ద మార్పు కనబడదు. అనగా ఫలము ముందు వచ్చును, శ్రమ వెనుక వచ్చును. అందుచేతనే మనస్సు మరియొక క్రొత్త పెట్టెవైపు పరుగెత్తును.

శ్రద్ధగా చూచినచో పని నిలుచు తావులు నాలుగే యని తెలియును. మొదటిది అతుకు. ఈ జిగురు మన యింటి బంకవంటిది కాదు. ఇది ప్లాస్టిక్ పైపొరను కరగించి రెండు ముక్కలను ఒకటిగా చేయును. అయినను వెన్నుమీద గీత మిగులును. పుట్టీ నింపి, ఆరనిచ్చి, ఉప్పుకాగితముతో రుద్ది చూచినచో మరల గీత కనబడును. ఇచ్చట ఓపిక సడలును. రెండవది చోదకుని మీది గాజువంటి కప్పు. దాని సన్నని చువ్వలకు మాత్రము రంగు వేయుటకై మిగిలిన భాగమంతయు అంటుపట్టీలతో మూయవలెను. కన్ను, వ్రేలు అలసిపోవును. మూడవది రంగు. లేతరంగు ముందు, ముదురురంగు వెనుక వేయవలెను. ఒకటి బాగుగా ఆరిన గాని రెండవది వేయరాదు. ఎనామెల్ రంగైనచో ఒక దినమైనను ఆగుట మేలు. ఆ విరామములోనే పని మరపున పడును. నాలుగవది నీట నానవేసి అంటించు గుర్తులు. మెరుగులేని గరుకు రంగుమీద వానిని అంటించినచో అడుగున గాలి చిక్కి వెండిపొరవలె తెల్లగా కనబడును. కావున ముందు మెరుగు వార్నిష్ పూసి, గుర్తులు అంటించి, అవి ఆరిన పిమ్మట మెరుగు తగ్గించు వార్నిష్ పూయవలెను. ఇది తెలిసినవాడును ఇంతదూరము వచ్చినది ఎక్కడ చెడునోయని జంకి పెట్టెను మూసివేయును.

మూసిన పెట్టెలో వస్తువు అట్లే యుండునని అనుకొనరాదు. గుర్తుల కాగితము ఏండ్లు గడచినకొలది పసుపువారును, పెళుసై పగులును. డబ్బాలోని రంగు గడ్డకట్టును. చిన్న చక్రమొకటి ఎక్కడనో జారిపోవును. ఏ రంగులో ఏ రంగు ఎంత కలిపితిమో ఆ జ్ఞాపకము అన్నిటికంటె ముందు పోవును. మరియొక లెక్క కూడ వేసికొనవలెను. ఇంట 120 పెట్టెలున్నవనుకొందము. ఏడాదికి నాలుగు పూర్తిచేయువానికి అవి 30 సంవత్సరముల పని. ఏబదియేండ్లవాడు ఎనుబదియేండ్లవరకు, చూపు తగ్గకుండ, చేయి వణకకుండ కూర్చుండవలెను. తమ నిల్వ తమ ఆయుర్దాయమును మించినదని ఈ వినోదపరులే హాస్యమాడుకొందురు. ఆ హాస్యము వెనుకనున్న సంగతి హాస్యము కాదు. మిగిలిన పెట్టెలను ఏమి చేయవలెనో తెలియక చింతించువారు వెనుకనుండు భార్యాబిడ్డలు.

కావున చేయదగిన పని యిది. ఒక సెలవుదినమున పెట్టెలన్నియు దింపి ఒక పట్టిక వ్రాయవలెను. ప్రతి విమానమునకు ఎదురుగా ‘తరువాతి పని’ యని ఒక్క వాక్యము మాత్రము వ్రాయవలెను. ‘ఎడమరెక్క అతుకు రుద్దవలెను’ అని వ్రాసినచో చేయి కదలును. ‘పూర్తి చేయవలెను’ అని వ్రాసినచో కదలదు. పిమ్మట వానిని కొన్న వరుసలో గాక, ముగింపునకు దగ్గరగా నున్న వరుసలో పేర్చవలెను. గుర్తులు మాత్రమే మిగిలినదానిని మొట్టమొదట చేపట్టవలెను. ఒకటి బీరువా చేరినచో రెండవదానికి ఉత్సాహము పుట్టును. ఒకే తావున నిలిచినవి మూడు నాలుగున్నచో వానిని కలిపి నడుపుట లాభము. ఒకదాని రంగు ఆరుచుండగా రెండవదాని అతుకు రుద్దవచ్చును. నాలుగింటికి మించినచో మరల క్రొత్త గుట్ట తయారగును.

దినమునకు అరగంట చాలును. ఉప్పుకాగితముతో రుద్దు పనికి కన్నును చేయియు కావలెను గాని చెవి అక్కరలేదు. రేడియోలో ఒక కచేరీ ముగియులోపల ఒక రెక్క నునుపగును. చక్రపు కాలు పోయినచో తక్కిన చక్రములను కూడ లోనికి ముడిచినట్లు మూసి, విమానమును పీటమీద ఎగురుచున్నట్లు నిలుపవచ్చును. వెన్నుమీది గీత కొంచెము మిగిలినను బాధ లేదు. పూర్తియైనదాని లోపము తరువాతి విమానమునకు పాఠమగును. సగములో విడిచినదాని లోపము విసుగును మాత్రమే నేర్పును. ఇక రెండు పూర్తియైన గాని క్రొత్తది ఒకటి కొనరాదను నియమము పెట్టుకొనవలెను.

పట్టికలో కొన్నిటికి తరువాతి పని వ్రాయుటకే మనసొప్పదు. అవి ఒకప్పటి ముచ్చట, నేటిది కాదు. వానిని విప్పకుండగనే ఇరుగుపొరుగు బాలురకో, పాఠశాలకో ఇచ్చివేయుట మేలు. చిన్నవారికి ఇచ్చునప్పుడు కత్తి పట్టు విధమును చూపవలెను. జిగురు, రంగు వాడునప్పుడు కిటికీలు తెరచి యుంచవలెనని చెప్పవలెను. వీలైనచో మొదటి సాయంకాలము ప్రక్కన కూర్చుండవలెను. మన యింట ఇరువది సంవత్సరములు పడియున్న విమానము ఆ బాలుని చేతిలో పక్షము దినములలో రెక్కలు తొడుగుకొనవచ్చును.