అలకు ముందు దొరికే నిమిషాలు

2004 డిసెంబరు 26, ఆదివారం. మన సమయం ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు ఇండోనేషియాలోని సుమత్రా దీవి పక్కన సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడ పుట్టిన సునామీ చెన్నై తీరాన్ని తాకేసరికి సుమారు 9 గంటలైంది. మధ్యలో రెండున్నర గంటల వ్యవధి ఉంది. ఒడ్డున ఉన్నవారు ఊరి లోపలికి నడిచి వెళ్లినా ప్రాణాలు దక్కేవి. వెళ్లమని చెప్పే ఏర్పాటే లేకపోయింది.

ఎంత నష్టం?

14 దేశాల్లో దాదాపు 2,27,000 మంది మరణించారు లేదా గల్లంతయ్యారు. వారిలో సుమారు 1,67,000 మంది ఇండోనేషియావారు, 35 వేల మంది శ్రీలంకవారు. మన దేశంలో 10,749 మంది చనిపోగా 5,640 మంది ఆచూకీ దొరకలేదు. తమిళనాడులోని నాగపట్టణం జిల్లాలోనే 6 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 107 మంది కన్నుమూశారు.

అందరి మీదా దెబ్బ ఒకేలా పడలేదు. ఇండోనేషియాలోని ఆచే బెసార్ జిల్లాకు చెందిన నాలుగు గ్రామాల్లో 676 మంది బతికి బయటపడితే, వారిలో స్త్రీలు 189 మందేనని ఆక్స్‌ఫామ్ సంస్థ గుర్తించింది. సునామీ లోతైన నీటిలో పెద్దగా పైకి లేవదు కాబట్టి, నడిసంద్రంలో చేపల వేటలో ఉన్న మగవారు చాలామంది క్షేమంగా ఉన్నారు. ఇళ్ల దగ్గరా ఒడ్డునా ఉన్న ఆడవారు, పిల్లలు అలలకు చిక్కారు.

సమయం ఎలా దొరుకుతుంది?

4 వేల మీటర్ల లోతున్న సముద్రంలో సునామీ గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో సాగుతుంది. భూకంప తరంగాలు అంతకన్నా ఎన్నో రెట్లు వేగంగా వెళ్తాయి. ఆ తేడాయే హెచ్చరికకు ఆధారం. పసిఫిక్‌కు 1949 నుంచే హవాయిలో హెచ్చరిక కేంద్రం ఉంది. 2004 నాటికి హిందూ మహాసముద్రానికి అలాంటిది లేదు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తోంది. పెద్ద భూకంపం వస్తే సుమారు 10 నిమిషాల్లో తొలి సమాచారం ఇస్తుంది. సముద్రగర్భంలోని పీడన పరికరాలు, తీరంలోని నీటిమట్టం మీటర్లు నిజంగా అల పుట్టిందో లేదో తేలుస్తాయి. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి ఇతర దేశాలకూ ఈ సేవ అందిస్తోంది.

యంత్రం ఒక్కటే చాలదు

సుమత్రా పక్కనే ఉన్న సిమెలూ దీవికి 2004లో దొరికింది పది నిమిషాల లోపే. అక్కడ సైరన్ లేదు. అయినా సుమారు 78 వేల జనాభాలో చనిపోయింది ఏడుగురే. 1907 నాటి సునామీని చూసిన పెద్దలు, భూమి గట్టిగా ఊగితే గుట్టలెక్కమని తరతరాలుగా పిల్లలకు చెబుతూ వచ్చారు. ఆ మాటే వారిని కాపాడింది.

మన తూర్పు తీరం సంగతి వేరు. భూకంపం ఎక్కడో దూరాన వస్తుంది, ఇక్కడ తెలిసీ తెలియనట్టు ఉంటుంది. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చే హెచ్చరికే మనకు ప్రాణాధారం. అది చివరి మత్స్యకార పల్లె దాకా చేరాలి, విన్నవారికి ఎటు వెళ్లాలో ముందే తెలిసుండాలి. ఒడిశాలోని వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలు తరలింపు దారులు గుర్తించి, అభ్యాసాలు చేసి 2020లో యునెస్కో నుంచి ‘సునామీ రెడీ’ గుర్తింపు పొందాయి.

తీరంలో ఉండేవారు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. భూమి గట్టిగా ఊగినా, సముద్రం అమాంతం వెనక్కి పోయినా హెచ్చరిక కోసం ఆగవద్దు. చూడటానికి ఒడ్డుకు వెళ్లవద్దు. ఎత్తైన చోటికి, లేదా ఊరి లోపలికి వెళ్లాలి. మొదటి అల తగ్గిందని తిరిగి రావద్దు, తర్వాతివి ఇంకా పెద్దవి కావచ్చు.

నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. తీరంలోని ప్రతి పంచాయతీ, ప్రతి బడి ఆ రోజు ఒక్కసారైనా జనాన్ని సురక్షితమైన చోటికి నడిపించి చూడాలి.